బరంపురంలో క్లౌన్ చేప పిల్లల పెంపకం: ఉప్పునీటి తొట్టి డైరీ

ఐదు విడతల గుడ్లు, చేతికి వచ్చిన లార్వాలు (గుడ్డు నుంచి అప్పుడే బయటపడిన పిల్లలు) సుమారు 710, నెల దాటి బతికిన పిల్లలు 139. పదిహేను నెలల పనికి ఇప్పటివరకు లెక్క ఇది. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో ఎవరైనా ఈ పనికి పూనుకుంటే నేను చేసిన తప్పులు మళ్లీ చేయకూడదన్న ఉద్దేశంతో, నోటుపుస్తకంలోని కొలతలను దశలవారీగా ఇక్కడ రాస్తున్నాను.

నేను పెంచుతున్న క్లౌన్ చేప శాస్త్రీయ నామం ఆంఫిప్రయాన్ ఓసెల్లారిస్. నారింజ రంగు ఒంటిమీద మూడు తెల్లని పట్టీలు, వాటి అంచుల వెంట సన్నని నల్లగీత ఉంటాయి. అండమాన్ దీవుల నుంచి ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ మీదుగా జపాన్ దక్షిణ దీవుల వరకు పగడపు దిబ్బల్లో, సముద్రపు ఎనిమోన్ల (పువ్వులా కనిపించే సముద్రజీవుల) మధ్య ఇది బతుకుతుంది. గోపాలపురం తీరమంతా ఇసుక. ఇక్కడ పగడపు దిబ్బలు లేవు కాబట్టి ఈ చేపకు మన సముద్రం ఇల్లు కాదు. అది కోరే నీటిని మనమే తయారుచేయాలి, అదే స్థితిలో నిలబెట్టాలి. నా నష్టాలలో అధికభాగం ఈ ఒక్క పనిలోనే జరిగింది.

దశ 1: నీరు (మార్చి)

తొట్టి బయటి కొలతలు 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 18 ఎత్తు. అద్దం మందం 10 మిల్లీమీటర్లు. దుకాణంలో దీనిని 190 లీటర్ల తొట్టి అన్నారు. అద్దం మందం తీసివేసి, నీటిమట్టం 40 సెంటీమీటర్ల దగ్గర ఆపితే 156 లీటర్లు వచ్చింది; లోపల పెట్టిన మట్టి దిమ్మలను మినహాయిస్తే మిగిలింది 145 లీటర్లు. ఉప్పు, మందు, అమ్మోనియా లెక్కలన్నీ ఈ 145 మీదనే వేశాను. దుకాణం చెప్పిన అంకెను నమ్మి ఉంటే ప్రతి మోతాదూ దాదాపు మూడోవంతు ఎక్కువ పడేది.

సముద్రం 16 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నప్పుడు ఉప్పు కొనడం ఎందుకని మొదట గోపాలపురం నీటినే తెచ్చాను. 20 లీటర్ల క్యాన్లు పదింటిని ఒడ్డున, కెరటం విరిగే చోట నింపి ఆటోలో ఇంటికి చేర్చి, మూతలు బిగించి మూడు రోజులు ఉంచాను. నాలుగో రోజున మూత తీస్తే కుళ్లిన గుడ్ల వాసన వచ్చింది. ఒడ్డు నీటిలో ఉండే ఒండ్రు, కంటికి కనిపించని జీవులు, గాలి ఆడని క్యాన్లలో చనిపోయి కుళ్లిపోయాయి. 200 లీటర్లనూ పారబోశాను.

రెండోసారి వెళ్లినప్పుడు ఒక ముసలి జాలరి నన్ను ఆపారు. గోపాలపురం జాలరులలో చాలామంది మాట తెలుగే. "ఒడ్డు నీరు ఎందుకు బాబూ, అంతా బురద. పోటు మీద ఉన్నప్పుడు కెరటం దాటేక ముంచాలి. రేపు పొద్దున్న క్యాన్లు ఇచ్చీ, నేను తెస్తాను," అన్నారు. అలాగే తెచ్చి ఇచ్చారు, నీరు తేటగా ఉంది. దానిని శుద్ధి చేసిన పద్ధతి ఇది:

1. క్యాన్లను అదే రోజున పెద్ద డ్రమ్ములో పోసి, ఎయిర్ పంపు పెట్టి, వెలుతురు తగలకుండా కప్పాలి.
2. 24 గంటల తరువాత గాలి ఆపి, మరో 12 గంటలు తేరనిచ్చి, అడుగున పది సెంటీమీటర్ల నీటిని వదిలి పైనీటిని మాత్రమే తోడాలి.
3. లీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరిన్ అందేలా బ్లీచింగ్ కలిపి ఒక రాత్రి ఉంచాలి.
4. గట్టిగా గాలి కొట్టిస్తూ సోడియం థయోసల్ఫేట్ కొద్దికొద్దిగా వేయాలి. క్లోరిన్ పరీక్షలో రంగు పూర్తిగా పోయేవరకు ఆ నీటిని వాడకూడదు.

ఇంత చేసినా తొట్టికి ఈ నీటిని శాశ్వతంగా ఎంచుకోలేదు. కారణం రుతువు. మార్చిలో 33గా ఉన్న లవణత, అక్టోబరులో అదే చోట తెచ్చిన నీటిలో 25కు పడిపోయింది. (లవణత 35 అంటే కిలో నీటిలో 35 గ్రాముల లవణాలు.) వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది బంగాళాఖాతంలోకి తెచ్చే మంచినీరు పైపొరగా పరచుకొని, వర్షాల తరువాత దక్షిణంగా మళ్లే తీరప్రవాహంతో మన ఒడ్డు వెంటే సాగుతుంది, రుషికుల్య కలిసే చోటు కూడా మనకు దగ్గరే. అందువల్ల తొట్టికి కృత్రిమ సముద్రపు ఉప్పును, రోటిఫర్ల (లార్వాలకు మేతగా వేసే సూక్ష్మజీవుల) పెంపకానికి గోపాలపురం నీటిని నిర్ణయించుకున్నాను.

ఉప్పు కలపడానికి మంచినీరు కావాలి. మా బోరు నీటిలో కరిగిన పదార్థాలు లీటరుకు 640 మిల్లీగ్రాములు. ఆర్‌ఓ తరువాత 38. ఆ 38 చాలునని మొదటి రెండు నెలలు అలాగే వాడాను. అద్దాలమీద గోధుమరంగు నాచు పేరుకుపోయింది. తరువాత, మిగిలిన లవణాలను కూడా పట్టివేసే డీఐ (డీఅయనైజేషన్) రెజిన్ గొట్టం అదనంగా బిగిస్తే మీటరు 0 చూపింది, నాచు మూడు వారాల్లో తగ్గింది.

దశ 2: ఉప్పు కొలత తప్పిన తీరు

ఈ దశలో జరిగిన తప్పు పైకి కనిపించేది కాదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

లీటరుకు 35 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి రిఫ్రాక్టోమీటరులో (కాంతి వంగే తీరును బట్టి లవణత చూపే పరికరంలో) చూస్తే 35 చూపింది. సరిపోయిందనుకున్నాను. అయితే జాలరి తెచ్చిన సముద్రపు నీటిని అదే పరికరంలో చూస్తే 37 వచ్చింది. ఇన్ని నదులు కలిసే బంగాళాఖాతం ఈ తీరంలో 37 చూపడం అసాధ్యం. తప్పు నీటిలో ఉండదు కనుక పరికరాన్ని అనుమానించాను.

వెతికితే రెండు కారణాలు దొరికాయి. మొదటిది, పరికరాన్ని ఆర్‌ఓ నీటితో సున్నా దగ్గర మాత్రమే సరిచేశాను. సున్నా దగ్గర సరిగా ఉన్నది 35 దగ్గర కూడా సరిగా ఉంటుందన్న హామీ లేదు. రెండోది, దానిలోని ఉష్ణోగ్రత సవరణ 10 నుంచి 30 డిగ్రీల మధ్య మాత్రమే పనిచేస్తుంది. నేను కొలిచినది మధ్యాహ్నం, గదిలో 35 డిగ్రీలు ఉన్నప్పుడు. అందుకని 35 దగ్గరే సరిచేసే ప్రమాణ ద్రావణాన్ని ఇంట్లో చేసుకున్నాను:

1. వంటింటి ఉప్పు 36.5 గ్రాములు, పదో వంతు గ్రాము వరకు చూపే త్రాసులో తూచాలి.
2. డీఐ నీరు 963.5 గ్రాములు, కొలపాత్రతో కాకుండా తూకంతోనే తీసుకోవాలి.
3. పూర్తిగా కరిగించి, మూత బిగువైన సీసాలో పెట్టాలి. ఈ ద్రావణం కాంతిని వంచే తీరు, లవణత 35 ఉన్న సముద్రపు నీరు వంచే తీరుకు సమానం.
4. తెల్లవారుజామున, గది 30 డిగ్రీలలోపు ఉన్నప్పుడు, రెండు చుక్కలు వేసి నిమిషం ఆగి, మరను 35కు తిప్పాలి.

సరిచేసిన తరువాత దాచి ఉంచిన సముద్రపు నీరు 33 చూపింది. తొట్టి నీరు 31 చూపింది. ఉప్పు పొడిలో స్ఫటికజలం, తేమ ఉంటాయి కాబట్టి లీటరుకు 35 గ్రాములు వేస్తే లవణత 35 రాదు. నా ఉప్పుకు సుమారు 39.5 గ్రాములు పట్టింది. 145 లీటర్లకు లోటు నాలుగు పాయింట్లు, అంటే 580 గ్రాముల లవణం, పొడి రూపంలో సుమారు 650 గ్రాములు. చేపలు లేవు కనుక ఒకేరోజున కలిపివేశాను.

దిబ్బ కోసం పగడపు రాళ్లు వాడలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద మన దేశంలో పగడాలు రక్షిత జీవులు. ఎవరైనా అమ్మజూపినా కొనకూడదు. బాక్టీరియా నిలవడానికి సిరామిక్ రింగులు, చేపలు దాగడానికి కాల్చిన మట్టి దిమ్మలు చాలు. కుమ్మరి దగ్గర తీసుకునేటప్పుడు జాజు పూత లేనివే అడగాలి. పూత ఉన్న మొదటి దిమ్మ రెండు రోజుల్లో నీటిని ఎర్రగా మార్చింది.

*ఖర్చు ఇప్పటివరకు:* తొట్టి, స్టాండు రూ. 9,500, ఆర్‌ఓ, డీఐ రూ. 5,800; రిఫ్రాక్టోమీటరు రూ. 1,900, ఉప్పు 20 కిలోలు రూ. 6,400, ప్రోటీన్ స్కిమ్మర్ (నీటిలోని మలినాలను నురుగుగా తీసే పరికరం) రూ. 5,600, నీటి పంపు రూ. 1,400, దీపం రూ. 2,700, పరీక్ష కిట్లు రూ. 3,900, సముద్రపు నీటి రవాణా రూ. 1,850. మొత్తం రూ. 39,050.

దశ 3: బాక్టీరియా (ఏప్రిల్ నుంచి మే నడిమి వరకు)

చేపను వేసి తొట్టిని పరిపక్వం చేసే, అంటే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియాను పెంచే, పాత పద్ధతి క్రూరమైనది. అమ్మోనియం క్లోరైడుతో అదే పని జరుగుతుంది. కళాయి వేసేవారు వాడే నవాసారం ఇదే పదార్థం అయినా, బజారు సరుకులో ఇంకేమి కలిసి ఉంటాయో తెలియదు కనుక ప్రయోగశాల రకం కొన్నాను. 145 లీటర్లలో లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా రావడానికి 0.9 గ్రాములు చాలు. తొమ్మిదో రోజున నైట్రైటు కనిపించింది. 38వ రోజున, వేసిన 2 మిల్లీగ్రాములు 24 గంటల్లో అమ్మోనియా గానీ నైట్రైటు గానీ మిగలకుండా నైట్రేటుగా మారాయి. ఇక్కడ తొందర పనికిరాదు: సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది కనుక, మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పీహెచ్ 7 ఉన్న మంచినీటి తొట్టిలో కంటే పదింతలకు పైగా ఉంటుంది.

దశ 4: మొదటి జంట (మే చివర)

ఒక దుకాణంలో సముద్రం నుంచి పట్టి తెచ్చిన జంటను రూ. 1,400కు కొన్నాను. విడిగా ఉంచి పరిశీలించకుండా నేరుగా తొట్టిలో వదిలాను. రెండో రోజున ఊపిరి నిమిషానికి 140 సార్లకు పైగా పోయింది. మూడో రోజున ఒంటిమీద తెల్లని జిగురు పొరలుగా ఊడసాగింది. బ్రూక్లినెల్లా అనే ఏకకణ పరాన్నజీవి తెచ్చే ఈ జబ్బు క్లౌన్ చేపలలో ఎంత తరచుగా వస్తుందంటే, దానికి క్లౌన్ చేప జబ్బు అనే పేరే ఉంది. దీనికి మందుగా వాడే ఫార్మలిన్ సంపాదించేలోగా నాలుగో రోజున చిన్నది, ఐదో రోజు తెల్లవారేసరికి పెద్దది చనిపోయాయి. ఆ రెండు చేపలూ నా తొందరపాటు వల్లనే పోయాయి; ఆ రోజు పుటలో కొలతలేమీ రాయలేకపోయాను.

మార్చినవి ఇవి. తొట్టిని ఆరు వారాలు చేపలు లేకుండా ఉంచాను. 40 లీటర్ల విడి తొట్టి, స్పాంజ్ ఫిల్టరు రూ. 1,150కు సిద్ధం చేసి, ఏ చేప వచ్చినా అందులో 30 రోజులు ఉండాలని నియమం పెట్టుకున్నాను. ఇకపై హేచరీలో పుట్టిన చేపలనే కొనాలని నిశ్చయించాను. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విళింజం, మండపం కేంద్రాలలో క్లౌన్ చేపలను హేచరీలో పెంచే పద్ధతులను రూపొందించింది. మన దేశంలోనే పుట్టిన పిల్లలు దొరుకుతున్నప్పుడు దిబ్బ నుంచి పట్టిన చేపను కొనవలసిన అవసరం లేదు.

*మొత్తం: రూ. 41,600.*

దశ 5: వేసవి, ఆవిరి, రాగి

మే నెలలో తొట్టి 31.8 డిగ్రీలకు చేరింది. నీటి ఉపరితలం మీదికి రెండు చిన్న 12 వోల్టుల ఫ్యాన్లు పెడితే 29.4కు దిగింది. చంద్రపూరులో ఉన్న మా బావగారు ఇదే అమరికతో నాలుగు డిగ్రీలు దించగలిగారు. అక్కడి గాలి పొడిగా ఉంటుంది. మాకు సముద్రం దగ్గర కావడం వల్ల ఉక్క పోసే రోజుల్లో ఒకటిన్నర డిగ్రీకి మించి దిగదు. తీర ప్రాంతం వారు ఫ్యాన్ మీదనే ఆధారపడకుండా, తొట్టిని తూర్పు లేదా ఉత్తరపు గదిలో, పడమటి గోడకు దూరంగా పెట్టుకోవడం మేలు. నేను జూన్‌లో తొట్టి మొత్తాన్ని ఖాళీ చేసి గది మార్చాను. దానితో మరో డిగ్రీ తగ్గింది.

ఫ్యాన్ తెచ్చిన మరో సమస్య ఆవిరి. రోజుకు 3 లీటర్ల నీరు పోయేది, ఉప్పు మాత్రం తొట్టిలోనే మిగిలేది. అంటే లవణత రోజుకు 0.7 పెరుగుతుంది, మూడు రోజులు ఊరికి వెళ్లివస్తే 35 కాస్తా 37 దాటుతుంది. అద్దంమీద గీత గీసి, ఉదయం ఒకటిన్నర, సాయంత్రం ఒకటిన్నర లీటర్ల మంచినీరు పోయడం అలవాటు చేసుకున్నాను.

ఆ మంచినీరే జూలైలో ఇంకో నష్టం తెచ్చింది. నేను ఊళ్లో లేని పన్నెండు రోజులు ఇంట్లోవారు ఆ నీటిని రాగి బిందెలో పట్టి ఉంచి పోశారు. తిరిగి వచ్చేసరికి నాచు తినే నత్తలు నాలుగూ చనిపోయి ఉన్నాయి. డీఐ నీటిలో లవణాలు లేవు కనుక అది లోహాన్ని సులభంగా కరిగించుకుంటుంది. నత్తలకు, రొయ్యలకు రాగి అతి తక్కువ మోతాదులోనే విషం. రాగి పరీక్ష కిట్టు నా దగ్గర లేకపోవడం వల్ల కొలత రాయలేకపోతున్నాను, కానీ మిగిలిన కొలతలన్నీ మామూలుగానే ఉన్నాయి. యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, వారం తేడాతో రెండుసార్లు 40 లీటర్ల చొప్పున నీరు మార్చాను. చెప్పకుండా వెళ్లినది నేను. ఇప్పుడు తొట్టి పక్కన మూతగల తెల్లని ప్లాస్టిక్ డబ్బా, దానిమీద "చేపల నీరు" అన్న చీటీ ఉన్నాయి.

కరెంటు గురించి ఒక మాట. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. ఈ తీరంలో అక్టోబరుకు ముందే బ్యాటరీ ఎయిర్ పంపు ఇంట్లో ఉండాలి. మాకు తుపానులో కాక, మే నెల సాయంకాలపు గాలివానకు తొమ్మిది గంటలు కరెంటు పోయినప్పుడు అది పనికివచ్చింది. వెచ్చని ఉప్పునీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది కనుక, చల్లదనం కంటే ముందు గాలినే చూసుకోవాలి.

*ఫ్యాన్లు, ఉష్ణోగ్రత స్విచ్చి, బ్యాటరీ పంపు రూ. 2,250. మొత్తం రూ. 43,850.*

దశ 6: రెండో జంట (ఆగస్టు నుంచి జనవరి వరకు)

హేచరీలో పుట్టి, అప్పటికే జతకట్టిన రెండు చేపలను రూ. 3,200కు తెప్పించాను. పెద్దది 7 సెంటీమీటర్లు, చిన్నది 5. ఈ జాతిలో ప్రతి చేపా మొదట మగదే. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడదిగా మారుతుంది, రెండోది మగదిగా మిగులుతుంది. కనుక మగ, ఆడ అని ఎంచి కొనవలసిన పని లేదు, పరిమాణంలో తేడా చూస్తే చాలు. 30 రోజుల విడి తొట్టి తరువాత పెద్ద తొట్టికి మార్చాను. ఎనిమోన్ పెట్టలేదు, పూత లేని మట్టికుండను నిలువుగా సగానికి కోసి వాలుగా ఆనిస్తే, పదకొండు రోజుల్లో ఆ కుండను ఇల్లుగా చేసుకున్నాయి.

రోజుకు మూడుసార్లు మేత: సన్నగా తరిగిన పచ్చిరొయ్య, చేపగుడ్లు, మంచి రకం గుళికలు. డిసెంబరు రాత్రుల్లో గది 17 డిగ్రీలకు దిగడంతో 100 వాట్ల హీటరు పెట్టి 27.5 దగ్గర నిలిపాను. జనవరి 18న కుండ లోపలి గోడమీద నారింజ రంగు గుడ్లు కనిపించాయి.

దశ 7: గుడ్ల కంటే ముందు కావలసిన మేత

గుడ్లు వచ్చాక మేత సంగతి చూద్దామనుకోవడం నా రెండో పెద్ద పొరపాటు. పొదిగిన లార్వా పొడవు 4 మిల్లీమీటర్లలోపు; దాని నోటికి పట్టే మేతగా నేను ఎంచుకున్నది రోటిఫర్. రోటిఫర్‌కు మేత నానోక్లోరోప్సిస్ అనే సూక్ష్మ నాచు. కాబట్టి నాచు, రోటిఫర్, లార్వా అనే వరుసలో మొదటిది సిద్ధంగా లేకుండా దాని తరువాతిది మొదలుపెట్టకూడదు.

1. రెండు లీటర్ల సీసాలు ఆరింటిలో నాచు. 10 రోజుల్లో ముదురు పచ్చగా మారుతుంది. రెండు రోజులకొక సీసా వాడి, వెంటనే కొత్తది ఎత్తాలి.
2. రోటిఫర్లకు 20 లీటర్ల బకెట్లు రెండు, వేరువేరు గదుల్లో. లవణత 22, మెల్లని గాలి. గోపాలపురం నీటిని మంచినీటితో పలుచన చేసి వాడుతున్నాను.
3. రోజూ ఒక మిల్లీలీటరు తీసి, భూతద్దం కింద లెక్కించాలి. 100 దాటితేనే తోడాలి, అదీ నాలుగోవంతు మాత్రమే.

తోడడానికి జల్లెడ దగ్గర ఒక వారం పోయింది. మాది నేతపని వారి వీధి; ఇంట్లో సన్నని బరంపురం పట్టుగుడ్డ ముక్కలు ఉన్నాయి కనుక దానినే చట్రానికి బిగించాను. పోసినవన్నీ గుడ్డ దాటి వెళ్లిపోయాయి. మైక్రోస్కోపు కింద చూస్తే పోగుల మధ్య సందులు ఒక్కో చోట ఒక్కో తీరుగా, కొన్ని 100 మైక్రాన్లకు పైనే ఉన్నాయి. పెళ్లిపత్రికలు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ వారి దగ్గర దొరికే 120 నంబరు నైలాన్ జాలీ సందు సుమారు 50 మైక్రాన్లు. మీటరులో పావువంతు కొని, పీవీసీ గొట్టం ముక్కకు అతికించాను. ఇప్పటికీ అదే పనిచేస్తోంది.

*నాచు, రోటిఫర్ల మూలాలు, బకెట్లు, ఆర్టీమియా (లార్వా కాస్త పెరిగాక మేతగా వేసే చిన్న ఉప్పునీటి జీవి) డబ్బా, లార్వా టబ్బు రూ. 6,150, రెండో ఉప్పు సంచి రూ. 6,400. మొత్తం రూ. 59,600.*

దశ 8: ఐదు విడతలు

*మొదటి విడత, జనవరి 18.* ఫోటోమీద గళ్లు గీసి లెక్కిస్తే సుమారు 120 గుడ్లు. మూడో రోజున ఒక్కటీ లేదు, జంటే తినేసింది. మొదటిసారి పెట్టే జంటలలో ఇది మామూలే. నేను మాటిమాటికీ టార్చి వేసి చూడటం కూడా కారణమై ఉండవచ్చు. ఆ తరువాత రోజుకు ఒక్కసారే చూస్తున్నాను.

*రెండో విడత, ఫిబ్రవరి 4.* సుమారు 200 గుడ్లు. మగచేప రెక్కలతో విసురుతూ, చచ్చిన గుడ్లను ఏరివేస్తూ కాచింది. ఏడో రోజుకు గుడ్లలో కళ్లు వెండిలా మెరిశాయి. దీపాలు ఆర్పిన గంటన్నరకు పొదిగాయి. చీకట్లో ఒక మూల టార్చి పెడితే లార్వాలు వెలుగు దగ్గరకు చేరాయి. వల వాడకుండా గిన్నెతో నీటితో సహా 90 ముంచాను. అదే వారంలో నా ఏకైక రోటిఫర్ బకెట్టు చెడిపోయింది: నాచు ఎక్కువ పోసి, గాలి తగ్గించినందువల్ల ఒక్క రాత్రిలో సాంద్రత 130 నుంచి 10కి పడింది. నాలుగో రోజుకు లార్వాలన్నీ ఆకలితో పోయాయి. బకెట్లు రెండు, అవి వేరువేరు గదుల్లో అన్న నియమం అప్పుడు పుట్టింది.

*మూడో విడత, ఫిబ్రవరి 21.* సుమారు 260 గుడ్లు. పొదిగే సాయంత్రం కుండనే 30 లీటర్ల టబ్బులోకి మార్చి, మగచేప రెక్క చేసే పనిని ఎయిర్‌స్టోనుకు అప్పగించాను. బుడగలు గుడ్లకు దూరంగా పోవడం వల్ల 140 మాత్రమే పొదిగాయి. తరువాత రెండు తప్పులు ఒకేసారి చేశాను. టబ్బు గోడలు తెల్లనివి కావడంతో లార్వాలు వెలుగు మెరిసే గోడకు తలలు కొట్టుకుంటూ మేత వైపు చూడలేదు. నాలుగో రోజునే ఆర్టీమియా వేశాను. అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్ల అర మిల్లీమీటరుకు దగ్గరగా ఉంటుంది, ఆ వయసు లార్వా నోటికి అది పెద్దది. తినకుండా మిగిలినవి చచ్చి అమ్మోనియాను 0.5కు చేర్చాయి. నెల దాటినవి రెండు.

మధ్యలో వచ్చిన ఒక విడతను (ఈ ఐదింటి లెక్కలో లేనిది) కదిలించకుండా జంటకే వదిలి, పరికరాలను ఇలా మార్చాను:

1. టబ్బు నాలుగు పక్కలా బయటనుంచి నల్ల చార్టు కాగితం. వెలుతురు పైనుంచి మాత్రమే, మసకగా.
2. ఎయిర్‌స్టోను గుడ్లకు 3 సెంటీమీటర్ల దిగువన, బుడగలు గుడ్లను తాకుతూ పోయేలా. గుడ్లు గాలికి కదిలే వరిచేనులా ఊగాలి.
3. నీరు అడుగు కనిపించనంత కాకుండా, లేత ఆకుపచ్చగా ఉండేలా నాచు.
4. మిల్లీలీటరుకు 8 రోటిఫర్లకు తగ్గకుండా, రోజుకు మూడుసార్లు లెక్క.
5. తల్లి తొట్టి నీటితోనే, సన్నని ఎయిర్‌లైను గొట్టం ద్వారా చుక్కలుగా, రోజుకు 6 లీటర్ల మార్పిడి.
6. ఆర్టీమియా ఏడో రోజు తరువాతనే, పైపెంకును బ్లీచుతో కరిగించి, పొదిగిన కొద్ది గంటల్లోపు. రెండు మూడు రోజులు రోటిఫర్లతో కలిపి.

*నాలుగో విడత, మార్చి 22.* సుమారు 300 గుడ్లు, 230 లార్వాలు. ఐదో రోజుకు 150 మిగిలాయి. పదో రోజు ఉదయం తలమీద మొదటి తెల్లపట్టీ లేతగా తేలింది. అంతవరకు నీటిమధ్య తేలుతూ ఉన్నవి అడుగుకు, గోడల వెంటకు చేరసాగాయి. ఆ రూపాంతరపు రెండు రోజుల్లోనే 60కి పైగా చనిపోయాయి. గిన్నె టబ్బుకు తగిలి శబ్దమైనప్పుడు కొన్ని బిగుసుకుపోయి పడిపోవడం చూశాను. కొవ్వు ఆమ్లాలు చాలని మేతతో పెరిగిన లార్వాలలో ఇది కనిపిస్తుంది. నెల దాటినవి 41. వీటిలో 9 పిల్లలకు నడుమపట్టీ సగంలోనే ఆగింది.

*ఐదో విడత, ఏప్రిల్ 20.* సుమారు 320 గుడ్లు, 250 లార్వాలు. మేతలో మార్చినది ఒక్కటే: రోటిఫర్లను తోడాక నేరుగా వేయకుండా, చిక్కటి తాజా నానోక్లోరోప్సిస్‌లో నాలుగు గంటలు ఉంచి, కడుపు పచ్చగా నిండిన తరువాతనే టబ్బులో వేశాను. టబ్బు ఉన్న గది తలుపుకు తాళం పెట్టాను. రూపాంతరంలో పోయినవి 45. నెల దాటినవి 96, సగటు పొడవు 13 మిల్లీమీటర్లు. పట్టీ లోపం 11 పిల్లలలో మాత్రమే ఉంది.

*లార్వాల మొత్తం:* 0 + 90 + 140 + 230 + 250 = 710. *నెల దాటినవి:* 0 + 0 + 2 + 41 + 96 = 139. ఖర్చును పిల్లల సంఖ్యతో భాగిస్తే ఒక్కోదానికి సుమారు రూ. 429, కరెంటు లెక్కవేయకుండా.

ఈ వారం (మే చివర)

139 పిల్లలకు టబ్బు చాలడం లేదు. 100 లీటర్ల రెండో తొట్టికి స్పాంజ్ ఫిల్టర్లను పది రోజులుగా పెద్ద తొట్టిలోనే నానబెట్టి ఉంచాను, బాక్టీరియా పట్టినవే అందులోకి మారతాయి. పట్టీ లోపం ఉన్న పిల్లలను ఎవరికీ ఇవ్వబోవడం లేదు. అవి మేత మేస్తూ చురుకుగానే ఉన్నాయి, మా ఇంట్లోనే పెరుగుతాయి.

మళ్లీ గుడ్లు పెట్టాయి. ఇవాళ ఐదో రోజు, కళ్లు వెండిలా మెరవడం పొద్దుననే మొదలైంది. తొట్టి 29.2 డిగ్రీల దగ్గర ఉన్నందువల్ల ఏడో రాత్రికి బదులు ఆరో రాత్రే పొదగవచ్చు. అందుకని టబ్బును మధ్యాహ్నమే నింపి, నల్ల కాగితం చుట్టి, గాలి పెట్టాను. రోటిఫర్ల లెక్క మొదటి బకెట్లో 160, రెండోదానిలో 115.